సారె పళ్లెంలో కొక్కెం

మస్తాన్ అంగడి నుంచి తిరిగొచ్చిన సంచిని అంకాలమ్మ ఇసుకలో బోర్లించింది. ముప్పైకి పైగా కొక్కేలు గలగలమని పడ్డాయి. బేరం లేక వెనక్కొచ్చినవి కావవి. ఇక అమ్మనంటే అమ్మనని మస్తాన్ పంపేశాడు.

"ఇరవై ఏండ్లుగా నా కొక్కేలు అమ్మినోడు, ఈ పొద్దు వాటిని పాముపిల్లల్ని చూసినట్టు చూస్తుండాడే" అంది అంకాలమ్మ. "కంపెనీ వాళ్లు వచ్చి చెప్పినారంట. ఈ వంపు మాది, ఇంకెవురూ చేయకూడదని. వంపు వాళ్లదంట! రేపు సముద్రంలో ఉప్పు కూడా మేమే కలిపినామంటారు."

పక్కన వల కుప్ప మీద కూర్చుని సుభాషిణి వింటోంది. అంకాలమ్మ ఆమెకు పెద్దమ్మ, తల్లికి అక్క. సుభాషిణి జువ్వలదిన్నె రేవు పక్కనున్న ఈ పాలెంలోనే పుట్టి, ఊరి బడిలోనే చదివి, ఇప్పుడు నెల్లూరులో ఒక ఇంజనీరింగు కాలేజీ పేటెంట్ల విభాగంలో టైపు పని చేస్తోంది. ఆదివారం వస్తే పెద్దమ్మ దగ్గరే పొద్దు గడుస్తుంది. ఆ పిల్లకు మాటలు తక్కువ. చేతికి ఏదైనా దొరికితే మాత్రం తిప్పి తిప్పి చూస్తుంది. ఇప్పుడూ ఒక కొక్కెం తీసుకుని చూడసాగింది, పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అయినా.

చూడటానికి అందులో ఏమీ లేదు. జానెడు సైకిలు పుల్ల, చింతకొయ్య పిడి, పిడికి చుట్టిన పాత వలదారం. పీతల వల ముందు కూర్చున్నవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. వలలో పడ్డ పీత, పాలెం మాటలో ఎండ్రకాయ, ఊరుకోదు, ఉన్న కాళ్లన్నిటికీ దారం చుట్టేసుకుంటుంది. లాగితే కాలు ఊడుతుంది, కాలు ఊడిన పీతను చూసి కొనేవాడు మూతి తిప్పుకుంటాడు. దారం కోస్తే వల పోతుంది. అంకాలమ్మ కొక్కేనికి కొనలో రెండు వంపులున్నాయి. మొదటిది దారాన్ని పట్టుకుంటుంది. రెండోది దానికి ఎదురుగా, తిరగేసిన చిలక ముక్కులా ఉంటుంది. మణికట్టు కాస్త తిప్పితే చాలు, ఆ రెండో వంపు మీదుగా దారం దానంతటదే జారిపోతుంది. పీతకు తెలియనైనా తెలియదు. వేట నిషేధం ఉండే రెండు నెలలూ అంకాలమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ కొక్కేల మీదే.

"ఆ కంపెనీది చూపించు పెద్దమ్మా."

అంకాలమ్మ రొంటిన దోపుకున్న ప్యాకెట్టు తీసి విసిరింది. లోపల నీలం ప్లాస్టిక్ పిడి, తళతళలాడే ఉక్కు పుల్ల. సుభాషిణి రెండు కొక్కేలనూ పక్కపక్కన పెట్టింది. పిడులు వేరు. కొనలు మాత్రం కవల పిల్లలు.

అంకాలమ్మ కోపం వచ్చిందని పని మానే మనిషి కాదు. వలలో మిగిలిన పీతను దగ్గరికి లాక్కుని కంపెనీ కొక్కెంతోనే విడదీసింది. ఇంకోటి తీసింది. మూడోది తీసింది.

"వంపు బాగానే తెచ్చినారు" అని ఒప్పుకుంది. "మరీ నున్నగా సానపట్టినారు, సన్న దారం నిలవదు. పిడి మాత్రం దొరసాని చేతికి చేసినట్టుండాది. చెమట పడితే జారతది."

ప్యాకెట్టు వెనక చీమతల అంత అక్షరాల్లో ఒక నంబరు ఉంది. సుభాషిణి దాన్ని ఫోనులో ఫోటో తీసుకుంది.

"ఏందమ్మే అది?"

"పేటెంటు నంబరు. ఈ వస్తువు కొత్తగా కనిపెట్టింది వీళ్లేనని ఒక దేశం రాసిచ్చిన కాయితం."

"రాసిచ్చే ముందర నన్ను అడగొద్దా?"

సాయంత్రం బస్సులో నెల్లూరు చేరేదాకా సుభాషిణి ఆ మాటే ఆలోచించింది. నిజమే, రాసిచ్చే ముందు వాళ్లు ఎవరిని అడుగుతారు? ఎక్కడ వెతుకుతారు?

పేటెంట్ల విభాగం అంటే పేరు పెద్దదే గానీ, ఉన్నది రెండు బల్లలు, ఒక బీరువా, గోడ మీద ఒక పటం. ఆ పటంలో దేశానికో రంగు పట్టీ. ఏ దేశం వాళ్లు పరాయి దేశాల్లో ఎన్ని పేటెంట్లు సంపాదించారో ఆ పట్టీల పొడవు చెబుతుంది. ఏటా ఆ అంకెలు టైపు చేసేది సుభాషిణే. పటాన్ని చూసుకుని మురిసేదీ, నిట్టూర్చేదీ విభాగం పెద్ద నరేంద్రబాబు గారు. మన పట్టీ ఏటికేడు కొంచెం జరుగుతుంది, ఆయన ఆశ దానికంటే ముందు జరుగుతుంది.

సోమవారం మధ్యాహ్నం ఆయన మజ్జిగన్నం ముగిస్తుండగా సుభాషిణి అడిగింది. "సార్, సొంత దేశంలో వచ్చినవి వదిలేసి బయట వచ్చినవే ఎందుకు లెక్కపెడతారు?"

రెండేళ్లలో ఆమె వేసిన మొదటి ప్రశ్న అది. నరేంద్రబాబు గారు చేయి కడుక్కోవడం కూడా మరిచిపోయారు.

"కాకిపిల్ల కాకికి ముద్దమ్మా. సొంత ఆఫీసు సొంతవాడికి ఇచ్చింది ఎంత నికార్సో ఎట్టా తెలుస్తుంది? బయటవాడికి మన మీద బంధుప్రీతి ఉండదు గదా. వాడు గీసి గీసి చూసి ఇస్తాడు. పైగా బయట దేశంలో వెయ్యాలంటే బోలెడు తిప్పలు. సరుకు మీద నమ్మకం ఉన్నవాడే వేస్తాడు. అందుకని ఈ పట్టీ ఎంత పొడుగుంటే ఆ దేశం బుర్ర అంత పదునని లెక్క."

"మరి ఎవరూ, ఎక్కడా వెయ్యనివి?"

"అవి లెక్కలోకి రావు."

"లేనట్టేనా సార్?"

"లేవని కాదు. తెలియవు. ఒడ్డుకొచ్చిన చేపల్ని లెక్కపెట్టి సముద్రంలో ఎన్నున్నాయో చెప్పడం లాంటిదే ఇదీ. అయినా ఏదో ఒకటి లెక్కపెట్టాలి గదా?"

సుభాషిణి బ్యాగులోంచి రెండు కొక్కేలు తీసి బల్ల మీద పెట్టింది. మస్తాన్ అంగడి సంగతి చెప్పి, నంబరు చూపించింది.

కంప్యూటరు మీద ఆ పేటెంటు తెరుచుకుంది. మూడో బొమ్మ దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. పెద్దమ్మ వంపులే. ఒకదానికి పద్నాలుగు, ఇంకోదానికి పదహారు అని అంకెలు వేసి, మణికట్టు ఎటు తిప్పాలో బాణం గుర్తు కూడా గీశారు. దరఖాస్తు పెట్టింది 2019లో. ఇప్పటికి కంపెనీ సొంత దేశం కాక ఇంకో మూడు దేశాలు మంజూరు చేశాయి. అంటే గోడ మీద పటంలో ఎవరిదో ఒక పట్టీ ఈ వంపు వల్ల మూడు అంకెలు పొడుగైంది. సుభాషిణి తలతిప్పి ఆ పట్టీ కోసం వెతికింది. ఎర్రరంగుది. ఆ అంకెలు తను టైపు చేసినవే.

"బయట దేశాలిచ్చింది ఇక్కడ చెల్లదు" అన్నారు నరేంద్రబాబు గారు. "కానీ ఇక్కడ కూడా దరఖాస్తు వేసుండారు, ఇంకా తేలలేదు. ఆ కంపెనీవాడు మీ అంగడాయన్ని ఊరికే బెదిరించాడు. అయితే రేపు నిజంగా ఇచ్చినారంటే మాత్రం, మీ పెద్దమ్మ కొక్కేలు చెయ్యడం ఆపాల్సి వస్తుంది."

"అంతకు ముందే మనమే పెద్దమ్మ పేరు మీద వేస్తే సార్?"

ఆయన కళ్లు మెరిశాయి. విభాగానికీ ఒక పేటెంటు కావాలి. "ఫోను కలుపు. ఒకే ఒక్క ప్రశ్న అడగాలి."

ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు ఆన్ చేశారు. "అంకాలమ్మా, ఈ కొక్కెం మీరు ఇంతకు ముందు బయటవాళ్లకి ఎవరికైనా చూపించినారా?"

అవతల అంకాలమ్మకు ఆ ప్రశ్న పౌరుషం తెప్పించింది. తనను పిసినారి అనుకుంటున్నాడనుకుంది.

"చూపించడమేంది అబ్బయా! అడిగినోళ్లకి లేదన్నదాన్ని కాదు నేను. మా పాలెంలో ఆడబిడ్డ అత్తారింటికి పోతుంటే సారె పళ్లెంలో పసుపుకుంకాల పక్కన నా కొక్కెం పడాల్సిందే. పడందే బండి కదలదు. కొత్త చోట వల కాడ కూర్చుంటే చెయ్యి తడబడకూడదు గదా, పుట్టింటోళ్లకి మాటొస్తాది. విడవలూరు పక్కకి ముగ్గురికి, కృష్ణపట్నం పక్కకి ఇద్దరికి, అట్టా పులికాటు దాకా... ఇరవై మందికి తక్కువుండరు. వాళ్లు ఆడ ఇంకెంతమందికి నేర్పినారో. ఆ, ఒకసారి దొర కూడా ఒకడొచ్చినాడు, ఎండ్రకాయలు కొనే కంపెనీ వాళ్లెంట. నా చేతులు ఫోటో తీసుకున్నాడు. ఆయనకీ ఒకటిచ్చినా. పెండ్లాం ఉందా అని అడిగినా. ఉండాదన్నాడు. పాపం, ఆమెకీ ఒకటిచ్చినా."

నరేంద్రబాబు గారు కళ్లజోడు తీసేశారు.

"అయిపోయిందమ్మా" అన్నారు సుభాషిణితో. "దరఖాస్తు వేసేనాటికి వస్తువు లోకానికి కొత్తగా ఉండాలి. పేటెంటుకి మొదటి షరతు అదే. మీ పెద్దమ్మ ఎప్పుడో పళ్లెంలో పెట్టి ఊరూరికీ పంచేసింది."

"ఏందంటుండాడమ్మే ఆయన?" ఫోనులోంచి గొంతు. "ఇచ్చినందుకు తప్పంటుండాడా?"

సుభాషిణి తెర మీది మూడో బొమ్మనే చూస్తోంది. బాణం గుర్తును చూసింది. కింద ఉన్న తేదీని చూసింది. తర్వాత మెల్లగా, తనలో తాను అనుకున్నట్టే అంది. "2019కి ముందే అది లోకానికి పాతదైపోయుంటే... వాళ్లకి మాత్రం కొత్తదెట్టా అయింది సార్?"

నరేంద్రబాబు గారి చేతిలో కళ్లజోడు గాల్లోనే ఆగింది. తర్వాత దాన్ని మళ్లీ పెట్టుకుని ఫోను మీదికి వంగారు.

"అంకాలమ్మా, ఎవరెవరికి ఇచ్చినారో ఇంకోసారి చెప్పండి. నిదానంగా. ఏ సంవత్సరంలోనో కూడా."

"ముందు తప్పన్నాడు, మళ్లీ చెప్పమంటుండాడు. ఈయనకి పెండ్లయిందా? ఒకటి పంపిస్తా."

దరఖాస్తు మంజూరయ్యే లోపల ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు. ఈ వస్తువు మా ఊళ్లో ముందునుంచే వాడుకలో ఉంది అని చూపిస్తే చాలు. అయితే నోటిమాట నిలవదు, తేదీ ఉన్న సాక్ష్యం కావాలి. కొక్కేనికి తేదీ ఎక్కడుంటుంది?

మస్తాన్ తిప్పి పంపిన సంచిలోంచి సుభాషిణి గుప్పెడు కొక్కేలు బ్యాగులో వేసుకుని, ఆదివారానికో ఊరు చొప్పున పెండ్లికూతుళ్లను వెతుక్కుంటూ బయల్దేరింది. విడవలూరు పక్క మొదటావిడ కొక్కెం వరదల్లో కొట్టుకుపోయింది. రెండో ఆవిడ భర్త దాన్ని ఐసు పెట్టెకు గడియగా బిగించేశాడు. గడియ ఉంది, తేదీ లేదు. మూడో ఇంట్లో పెండ్లి వీడియో ఉంది గానీ క్యాసెట్టును ఎలుకలు కొట్టేశాయి. అందరూ కాఫీ ఇచ్చారు, అందరూ "అంకాలక్క బాగుండాదా?" అని అడిగారు. ఒకావిడ కొక్కేనికి తన సొంత వంపు ఒకటి కలిపి, అది ఇంకా బాగుంటుందని పందెం కట్టింది. సుభాషిణి దాన్నీ తిప్పి తిప్పి చూసి వచ్చింది.

నాలుగో ఆదివారం సూళ్లూరుపేట దాటి, పులికాటు సరస్సు ఒడ్డున పెంచలమ్మ ఇంటికి చేరింది. గుమ్మానికి పక్కనే మేకుకు కొక్కెం వేలాడుతోంది. కొన అరిగి, పిడి నల్లబడి, వంపులు మాత్రం అట్లాగే ఉన్నాయి. పెంచలమ్మ ట్రంకుపెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆల్బం తీసింది.

ఫోటో ఉంది. సుభాషిణి వెతుకుతున్నదంతా అందులోనే ఉంది. సారె పళ్లెం ముందు చిన్న వయసు అంకాలమ్మ కొక్కేన్ని పెండ్లికూతురి ముఖం ముందు ఎత్తి పట్టుకుని పాఠం చెబుతోంది. పెండ్లికూతురు కెమెరాను వదిలేసి కొక్కేన్నే చూస్తోంది. ఫ్లాషు పడి రెండు వంపులూ మెరుస్తున్నాయి. కింద మూలన నారింజరంగు అంకెల్లో తేదీ కూడా ఉంది.

1994, జనవరి ఒకటి.

"తొంభై నాలుగా?" పెంచలమ్మ పకపకా నవ్వింది. "అప్పటికి నేను మూడో తరగతి. మా బావ మద్రాసు నుంచి తెచ్చినాడు ఆ కెమెరా. తేదీ పెట్టడం చేతగాక ఊరికే నొక్కుతుండేవాడు. నా బిడ్డ పుట్టినప్పటి ఫోటో మీదా అదే తేదీ ఉంటాది చూడు."

సుభాషిణి కూడా నవ్వింది. కానీ తప్పు తేదీ ఉన్న సాక్ష్యం, సాక్ష్యం లేకపోవడం కంటే చేటు. అయినా ఫోటోను కింద పెట్టలేదు. చిరుగుల కోసం వలను వెతికినట్టు ఆ మూల నుంచి ఈ మూలకు చూడసాగింది. పళ్లెంలో అరటిపండ్లు ఎన్నో, అంకాలమ్మ చేతికి గాజులెన్నో చూసింది. పెండ్లికూతురి భుజం వెనక, ఎర్రటి గుడ్డ మీద, వెండి కాగితం అంటించిన థర్మోకోల్ అక్షరాలు కనిపించాయి. పెంచలమ్మ పేరు, పెండ్లికొడుకు పేరు. కింద 12-5-20 దాకా ఉంది. మిగతాది ఎవరిదో పూలకొప్పు మింగేసింది.

"ఈమె ఎవరక్కా?"

"మా మేనత్త. యాడ నిలబడినా అడ్డమే."

పేజీ తిప్పింది. తర్వాతి ఫోటోలో మేనత్త తాంబూలం కోసం వంగింది. వెనక మిగిలిన రెండు అంకెలూ బయటపడ్డాయి. సున్నా, ఆరు.

"ఫోటోలు ఇయ్యను" అంది పెంచలమ్మ వెంటనే. "మా నాయిన ఉండే ఫోటో అదొక్కటే." సుభాషిణి ఇమ్మనలేదు. ఇద్దరూ ఆటోలో సూళ్లూరుపేట స్టూడియోకు పోయి, కాపీలు తీయించుకుని మధ్యాహ్నానికి వచ్చేశారు. కొక్కెం దగ్గర మాత్రం మళ్లీ పేచీ. "రేపు వల కాడ నేనేం చేసేది?" అంది పెంచలమ్మ. సుభాషిణి బ్యాగులోంచి కొత్తది తీసి ఇచ్చాకే మేకుకున్న పాతది చేతికొచ్చింది.

నరేంద్రబాబు గారు ఆ కాపీలు జతచేసి అభ్యంతరం వేశారు. కొన్ని నెలలకు విచారణ వచ్చింది. కాలేజీలో కంప్యూటరు ముందు కూర్చుంటే చాలన్నారు. అంకాలమ్మ వట్టి చేతులతో రాలేదు. వల ముక్క, గంపలో నాలుగు ప్రాణమున్న పీతలు బస్సులో తెచ్చింది. "మాటలతో చెప్తే ఆయనకేం అర్థమవుతాది?" అంది.

తెర మీద రాజధాని నుంచి ఒక అధికారి, కోటు వేసుకున్న కంపెనీ వకీలు. ఫోటోలో వంపు సరిగ్గా కనిపించడం లేదన్నాడు వకీలు. అధికారి పాత కొక్కేన్ని కెమెరాకు దగ్గరగా పెట్టమన్నాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, "అది ఎలా వాడతారమ్మా?" అని అడిగాడు. అంకాలమ్మ ఆ మాట కోసమే చూస్తోంది. పీతను వలలోంచి ఒక్క తిప్పుతో విడదీసి కెమెరా ముందు ఎత్తింది. ఎత్తిన సంబరంలో పట్టు సడలింది. పీత ఆమె బొటనవేలిని గట్టిగా పట్టుకుంది.

"నీ యమ్మ కడుపు మాడ!" అంది అంకాలమ్మ దేశ రాజధాని వినేలా.

అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. అంకాలమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఎండ్రకాయ చేత కరిపించుకోవడం, అదీ పెద్దమనిషి ముందు! తిరిగిపోయే బస్సులో వేలినే చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత కంపెనీ తనంత తనే దరఖాస్తులోంచి వంపు మాట తీసేసుకుంది. పిడి వరకే చాలంది. ఆ నీలం పిడికి పేటెంటు మంజూరైంది. వంపు ఎవరిదీ కాదని, అంటే ఎవరైనా చేసుకోవచ్చని తేలింది. మస్తాన్ మరునాడే కబురు పంపాడు. "నేనెప్పుడు వద్దన్నా అక్కా? కొంచెం ఆగమన్నా, అంతే." అంకాలమ్మ కొక్కేలు పంపింది గానీ, సంచిలో పైన పామును చుట్టినట్టు ఒక పాత తాడు చుట్టి పెట్టింది.

ఆ ఏడు అంకెలొచ్చాయి. సుభాషిణి టైపు చేస్తూ ఎర్ర పట్టీ దేశం దగ్గర ఆగింది.

"సార్, ఇందులో ఆ పిడి కూడా ఉంది."

"ఉంది" అన్నారు నరేంద్రబాబు గారు.

"వంపు?"

"వంపు ఏ పట్టీలోనూ ఉండదమ్మా."

వచ్చిన అంకెను వచ్చినట్టే టైపు చేసింది. ఎర్ర పట్టీ వెంట్రుకవాసి జరిగింది. ఆ పట్టీలన్నిటి వెనకా ఎన్ని సారె పళ్లేలు ఉన్నాయో కదా అనుకుంది. ఒక్కో దేశానికి ఒక్కో రకం పళ్లెం ఉంటుందేమో. ఎర్ర పట్టీ దేశంలో కూడా, ఏ ఒడ్డునో, ఏ పెద్దమ్మో.

ఆదివారం పాలెం చేరేసరికి అంకాలమ్మ ఆమె రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగి తలుపు మూసింది. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీసింది. అందులో కొక్కెం ఉంది. అవే రెండు వంపులు. కానీ పిడికీ కొనకూ మధ్య ఒక తీగ ఉచ్చు కొత్తగా ఉంది. బొటనవేలితో తోస్తే ముందుకు జరిగి, పీత కరిచే కాలిని మూసి పట్టుకుంటుంది. వదిలితే వెనక్కొస్తుంది.

"ఆ పొద్దు కరిచింది గదా, అప్పట్నుంచి ఇదే పని" అంది గుసగుసగా. "ఎవురికీ చూపించలా. నీకే మొదలు. చూపిస్తే పోతాదని మీ సారు చెప్పినాడు గదా. అయిదు దినాలుగా దాచిపెట్టుకుండా. అన్నం సయించడం లేదే నాకు."

సుభాషిణి ఉచ్చును ముందుకు తోసింది. వెనక్కి వదిలింది. మళ్లీ తోసింది. "మంచిపని చేసినావు పెద్దమ్మా."

"ఏం మంచి? శుక్రవారం మాలకొండయ్య కూతురు అత్తారింటికి పోతుండాది. మంచిది బియ్యం డబ్బాలో పెట్టుకుని పళ్లెంలో పాతది పెట్టేదా? ఆ బిడ్డ వేలు కరిపించుకుంటే పాపం ఎవురికి?"

సుభాషిణి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. మొదటి దరఖాస్తుకు అన్నీ అక్కర్లేదు. బొమ్మ, వివరం ఉంటే చాలు. అది అందిన తేదీ పడ్డాక లోకమంతా చూసినా ఫరవాలేదు. తర్వాత ఏడాది గడువుంది. బయట దేశాల్లో ఎవరైనా ఇస్తారో ఇవ్వరో, అది తర్వాతి మాట. "గురువారం దాకా ఆగు."

"బేస్తవారమంటే బేస్తవారమే. శుక్రవారం బండి కదిలేటప్పటికి ఇది పళ్లెంలో ఉండాల."

సుభాషిణి బ్యాగులోంచి స్కేలు, తెల్లకాగితం తీసింది. కొక్కేన్ని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు గీత గీయడం మొదలుపెట్టింది. మొదటి వంపుకు రెండు, ఉచ్చుకు నాలుగు అని అంకెలు వేసింది. బొటనవేలు ఎటు తోయాలో బాణం గుర్తు పెడుతుండగా బయట గాజుల చప్పుడైంది. మాలకొండయ్య భార్య.

"అత్తా! పట్టపగలు తలుపేసుకుని ఏం చేస్తుండారు ఇద్దరూ?"

అంకాలమ్మ దొంగతనం చేసిన చిన్నపిల్లలా కొక్కేన్ని కొంగులో చుట్టేసుకుంది. సుభాషిణి కాగితం మీద రెండు అరచేతులూ పరిచింది.

"ఏం లేదే" అని కేకేసింది అంకాలమ్మ. "ఎండ్రకాయ కరిచింది!"